చల్లటి ఇల్లు కట్టేవాడికి చేయూత ఏదీ?

సూళ్లూరుపేటలో ఇల్లు కొనడానికి వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఎన్ని అంకణాలు, ముందు రోడ్డు ఎన్ని అడుగులు, వాస్తు సరిపోయిందా, బోరు నీళ్లు తియ్యగా ఉంటాయా ఉప్పగా ఉంటాయా, స్టేషన్‌కు ఎంత దూరం. పైకప్పు మీద ఏం వేశారు, పడమటి గోడ ఏ ఇటుకతో కట్టారు, మే నెలలో కరెంటు బిల్లు ఎంత రావచ్చు అని అడిగేవాళ్లు చాలా అరుదు. కొనేవాడు అడగనిదానికి బిల్డరు డబ్బు పెట్టడు. అలా పెట్టని డబ్బును, ఆ ఇల్లు నిలిచినన్నాళ్లూ, అందులో ఉండేవాళ్లు నెలనెలా కరెంటు బిల్లు రూపంలో కడుతూనే ఉంటారు.

విద్యుత్తు ఆదా చేసే ఇళ్ల గురించి ఏ దేశంలో మాట్లాడినా చివరికి ఈ చిక్కుముడి దగ్గరికే వస్తారు. ఖర్చు కట్టేవాడిది, లాభం ఉండేవాడిది. సూళ్లూరుపేటలో ముడి ఇంకాస్త బిగుసుకుంది, ఎందుకంటే ఇక్కడ అద్దె ఇళ్లు ఎక్కువ. ఒక పక్క శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం షార్, ఇంకో పక్క తడ దగ్గర ఫ్యాక్టరీల శ్రీసిటీ. ఉద్యోగాల కోసం వచ్చినవాళ్లు ఊళ్లో ఇళ్లు వెతుక్కుంటారు. ఓనరు స్లాబు వేయించి పైన ఇంకో పోర్షను లేపుతాడు, అద్దెకున్నవాడు ఏసీ పెట్టుకుంటాడు. మీటరు తిరిగేది అద్దెవాడి పేరు మీద, గోడ ఉన్నది ఓనరు పేరు మీద. గోడ మంచిగా కట్టమని ఓనరును ఒప్పించాలంటే అతని చేతికి ఏదో ఒకటి అందాలి. ఆ అందేది ఏ రూపంలో ఉండాలి, ఎప్పుడు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి అన్నదే అసలు ప్రశ్న. ఇరవై ఏళ్లుగా ప్రపంచం దీనికి రకరకాల జవాబులు వెతికింది. మన రాష్ట్రమూ కొన్ని ప్రయత్నాలు చేసింది. వాటిలో ఏవి ఈ ఊరి గడప దాకా వచ్చాయో చూడాలి.

ముందు ఇంటి సంగతి. మన ఇళ్లలో వేడి ప్రధానంగా పైనుంచి దిగుతుంది. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు కప్పు గుండా ఎన్ని వాట్ల వేడి దాటుతుందో చెప్పే కొలతను ఇంజనీర్లు యూ విలువ అంటారు. ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. మనవాళ్లు మామూలుగా వేసే ఆరంగుళాల కాంక్రీటు స్లాబుకు అది సుమారు 3 పైనే ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ, ఇళ్ల కోసం తెచ్చిన ‘ఎకో నివాస్ సంహిత’ ప్రకారం 1.2 దాటకూడదు. స్లాబు మీద అంగుళం మందం ఎక్స్‌పీఎస్ అనే గట్టి నురుగు బోర్డు పరిచి, దాని మీద సిమెంటు, టైల్స్ వేస్తే ఆ హద్దు లోపలికి వచ్చేస్తాం. పాతకాలం మిద్దెల్లో టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి, సున్నంతో ఇటుక ముక్కల కాంక్రీటు దట్టంగా వేసి, పైన పలకలు పరిచేవారు. ఆ మందమే అప్పటి ఇన్సులేషన్. స్లాబు వచ్చాక ఆ మందం పోయింది, దాని స్థానంలో ఏమీ రాలేదు.

గోడల విషయంలో ఒక అపోహ బాగా ప్రచారంలో ఉంది. ఫ్లైయాష్ ఇటుకతో కడితే ఇల్లు చల్లగా ఉంటుందని చాలామంది నమ్ముతారు. కృష్ణపట్నం థర్మల్ కేంద్రం దగ్గర్లోనే ఉంది కాబట్టి నెల్లూరు తీరంలో ఆ ఇటుక మాట తరచుగా వినబడుతుంది. బూడిదను వాడుకోవడం, పొలాల మట్టిని కాపాడుకోవడం మంచి పనులే. కానీ వేడిని ఆపడంలో ఫ్లైయాష్ ఇటుకకూ కాల్చిన ఎర్ర ఇటుకకూ పెద్ద తేడా లేదు. సంహితలోని పట్టికల ప్రకారం ఎర్ర ఇటుక ఉష్ణవాహకత సాంద్రతను బట్టి 0.98 దాకా, ఫ్లైయాష్ ఇటుకది 0.856, ఏఏసీ బ్లాకుది 0.184. గాలి బుడగలతో తేలిగ్గా ఉండే ఏఏసీ బ్లాకు వేడిని దాదాపు అయిదో వంతే పోనిస్తుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడకు బదులు ఎనిమిదంగుళాల ఏఏసీ గోడ కడితే వేడి సగానికి పైగా తగ్గుతుంది. కనీసం పడమటి గోడ ఒక్కటైనా అలా కడితే సాయంత్రం పడకగదిలో తేడా తెలుస్తుంది.

కిటికీల సంగతి ఇంకా ముఖ్యం. మనది ఉక్కపోత వాతావరణం. చెమట ఆరాలంటే గాలి ఆడాలి. అందుకే సంహిత ఇలాంటి ప్రాంతాలకు, తెరుచుకునే కిటికీలు తలుపుల విస్తీర్ణం నేల విస్తీర్ణంలో 16.66 శాతం, అంటే ఆరో వంతు ఉండాలని చెప్పింది. దేశంలోని అన్ని వాతావరణాల్లోకీ ఎక్కువ వాటా అడిగింది ఈ వాతావరణానికే. ఆరువందల అడుగుల పోర్షనుకు వంద అడుగులు తెరుచుకోవాలి. ఇప్పుడు అందరూ పెట్టించుకుంటున్న స్లైడింగ్ కిటికీ చూడండి. నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న కిటికీ పదహారు అడుగులు అనుకుంటాం. ఒక రెక్క ఇంకో రెక్క మీదికే జరుగుతుంది కాబట్టి గాలికి దొరికేది ఎనిమిది అడుగులే. సాయంత్రం పూట సముద్రం నుంచి, పులికాట్ మీదుగా వచ్చే గాలి ఈ ఊరికి ఉచితంగా దొరికిన సొత్తు. తూర్పు వైపు పక్కింటి గోడకు ఆనించి కట్టి, సగమే తెరుచుకునే కిటికీ పెట్టి, ఆ గాలికి బదులు ఏసీ కొంటున్నాం.

ఏసీ లెక్క కూడా ఒకసారి చూద్దాం. టన్నున్నర ఏసీ రాత్రికి ఎనిమిది గంటలు నడిస్తే నెలకు 250 యూనిట్ల దాకా తీసుకుంటుంది. రాష్ట్రంలో 2022లో సవరించిన గృహ టారిఫ్‌లో 126 నుంచి 225 యూనిట్ల వరకు యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75, ఆపైన 9.75. నెలకు 150 యూనిట్లు వాడే కుటుంబం ఏసీతో ఒక్కసారిగా పై శ్లాబులకు ఎక్కుతుంది. ఇంట్లో ఆదా అయ్యే ప్రతి యూనిట్ ఖరీదైన యూనిటే.

ఇంత స్పష్టంగా ఉన్న లెక్కకు నిబంధన ఎందుకు లేదంటే, ఉంది. ఎకో నివాస్ సంహిత 2018 డిసెంబరు 14న వచ్చింది. ఇంధన పరిరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చి, నివాస భవనాలను కూడా చట్టం పరిధిలోకి తెచ్చింది. అయితే 2018 సంహిత వర్తించేది 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే భవనాలకు. చట్టం గీసిన గీత 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడు. రాష్ట్రాలు దాన్ని తగ్గించుకోవచ్చు. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు. 500 చదరపు మీటర్లంటే దాదాపు 75 అంకణాలు. సూళ్లూరుపేటలో మామూలు మనిషి కట్టుకునేది ఇరవై, ముప్ఫై అంకణాల్లో. నిబంధన అతని ప్రహరీ దాకా కూడా రాదు. అందుకే ఇక్కడ శాసించడం కన్నా ప్రోత్సహించడానికే విలువ ఎక్కువ.

ప్రోత్సాహకాల్లో మన రాష్ట్రం ఏం ఇస్తోంది? ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ (ఐజీబీసీ) గ్రీన్ రేటింగ్ పొందిన ప్రాజెక్టులకు పర్మిట్ ఫీజులో 20 శాతం తగ్గింపు ప్రకటించారు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన మూడేళ్లలోపు అమ్మితే, స్టాంపు డ్యూటీ మీద వేసే సర్‌చార్జీలో ఒకసారికి 20 శాతం మినహాయింపు. అంతకు ముందు 2012 నాటి ఉమ్మడి రాష్ట్ర భవన నిబంధనల్లోనే సోలార్ హీటరు, సోలార్ దీపాలు వాడే ఇళ్లకు ఆస్తి పన్నులో 10 శాతం రిబేటు రాశారు. గ్రీన్ రేటింగ్ ఉన్న భారీ ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతుల్లో ప్రాధాన్యం కేంద్రం ఇస్తుంది. కాగితం మీద ఇవన్నీ బాగానే ఉన్నాయి. కానీ పర్మిట్ ఫీజు అనేది ఇంటి ఖర్చులో చిన్న భాగం, అందులో అయిదో వంతు ఇంకా చిన్నది. దాని కోసం రేటింగుకు రిజిస్ట్రేషన్ కట్టి, కన్సల్టెంటును పెట్టుకుని, పత్రాలు తయారుచేసుకునేది వందల ఫ్లాట్లు అమ్మే కంపెనీయే. ఎనిమిది ఫ్లాట్లు కట్టే సూళ్లూరుపేట బిల్డరుకు అది గిట్టుబాటు కాదు. మేస్త్రీని పెట్టుకుని సొంతిల్లు కట్టుకునే టీచరుకు అసలు ఆ మాటే చెవిన పడదు.

గ్రీన్ రేటింగును తక్కువ చేయాలని నా ఉద్దేశం కాదు. ఐజీబీసీ పుట్టింది 2001లో, దాని కేంద్రం హైదరాబాదే. అక్కడి సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనం, అమెరికా బయట, అక్కడి ‘లీడ్’ గ్రీన్ రేటింగులో ప్లాటినం స్థాయి తెచ్చుకున్న మొదటి భవనం. 2004 జులైలో అబ్దుల్ కలాం ప్రారంభించారు. ఈ ఉద్యమానికి మన తెలుగు నేలే పురుడు పోసింది. ఆ విద్య గేటెడ్ కమ్యూనిటీల గేటు దాటి బయటికి రాకపోవడమే నా బాధ.

మహారాష్ట్రలో ఇచ్చే ప్రోత్సాహకం వేరు. గ్రీన్ రేటింగ్ స్థాయిని బట్టి 3, 5, 7 శాతం అదనపు ఎఫ్ఎస్ఐ, అంటే స్థలంలో కట్టుకోగల విస్తీర్ణపు వాటా, ఇస్తారు. అదనంగా కట్టుకుని అమ్ముకోవచ్చు కాబట్టి బిల్డరు ఎగిరి గంతేస్తాడు. నోయిడాలో కూడా ఇలాంటిదే ఉంది. దీన్ని ఇక్కడా తేవాలని అప్పుడప్పుడు సూచనలు వస్తుంటాయి. అవి ఒక విషయం మరిచిపోతాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2006లోనే ఎఫ్ఎస్ఐ పరిమితిని తీసేశారు. రోడ్డు వెడల్పు, ఎత్తు, సెట్‌బ్యాకులు చూసి అనుమతులు ఇస్తూ వచ్చారు. హద్దు లేని చోట అదనపు వాటాను బహుమతిగా ఇవ్వడం కుదరదు. పొరుగు రాష్ట్రం మందు మన జబ్బుకు పనిచేయదు.

ఇక విదేశాల అనుభవం. అమెరికాలో 2005 ఇంధన విధాన చట్టం ‘45ఎల్’ అనే పన్ను మినహాయింపు తెచ్చింది. అది కొనేవాడికి కాకుండా కట్టేవాడికే ఇచ్చేవారు. మొదట ఇంటికి 2,000 డాలర్ల వరకు ఉండేది. 2022 చట్టంతో ఎనర్జీ స్టార్ ప్రమాణం అందుకుంటే 2,500, జీరో ఎనర్జీ రెడీ ప్రమాణానికి 5,000 డాలర్లు అయింది. చిక్కుముడిని సరైన చోట పట్టుకున్న పథకం ఇది. ఎవరి జేబులోంచి ఖర్చు పోతుందో వారి జేబులోకే డబ్బు వస్తుంది. టెక్సాస్‌లో కొత్త ఇళ్లు కొనుక్కున్న మన తెలుగు కుటుంబాల్లో చాలామందికి తమ ఇంటి మీద బిల్డరుకు ఇలాంటి మినహాయింపు వచ్చి ఉండవచ్చని కూడా తెలియదు. దాని లోపాలూ అంతే విలువైన పాఠాలు. చాలా ఏళ్లు ఆ పథకం 2006 నాటి ప్రమాణంతో పోల్చి మార్కులు వేసింది. కాలంతోపాటు మామూలు ఇళ్లే మెరుగుపడి, మామూలుగా కట్టినవాళ్లకూ డబ్బు అందింది. పైగా గడువు తీరడం, తర్వాత వెనకటి తేదీ నుంచి పునరుద్ధరించడం మామూలైపోయింది. కట్టేసిన ఇంటికి తర్వాత డబ్బిస్తే ఆ గోడ మారదు. చివరికి 2025 జులైలో సంతకమైన చట్టంతో, 2026 జూన్ 30 తర్వాత చేతులు మారే ఇళ్లకు ఈ మినహాయింపు లేకుండా పోయింది.

జర్మనీ కేఎఫ్‌డబ్ల్యూ బ్యాంకు ద్వారా తక్కువ వడ్డీ రుణం, అందులో కొంత మాఫీ ఇచ్చింది. బాగా పనిచేసింది, ఎంతగా అంటే దరఖాస్తులు వెల్లువెత్తి నిధులు చాలక 2022 జనవరి 24న ప్రభుత్వం హఠాత్తుగా ఆపేసింది. ఆ సాయానికి అర్హతగా పెట్టిన ప్రమాణమే అప్పటికి కొత్త ఇళ్లలో మామూలైపోయింది. బ్రిటన్‌లో 2007లో జీరో కార్బన్ ఇళ్లకు స్టాంపు డ్యూటీ మినహాయింపు తెచ్చి 2012లో ఎత్తేశారు. ప్రమాణం అందుకోలేనంత ఎత్తులో పెట్టడంతో అర్హత పొందిన ఇళ్లు చాలా కొద్ది. మరీ కింద పెడితే అందరికీ పంచినట్టు, మరీ పైన పెడితే ఎవరికీ ఇవ్వనట్టు.

ఆ కేఎఫ్‌డబ్ల్యూతోనే మన నేషనల్ హౌసింగ్ బ్యాంకు 2010లో ఒప్పందం చేసుకుంది. విద్యుత్తు ఆదా చేసే కొత్త ఇళ్ల రుణాలకు 5 కోట్ల యూరోల రీఫైనాన్సు. తర్వాత ఫ్రాన్స్ అభివృద్ధి సంస్థ ఏఎఫ్‌డీతో ‘సన్‌రెఫ్’ పేరుతో ఇంకో కార్యక్రమం వచ్చింది. గ్రీన్ రేటింగ్ ఉన్న ఇళ్లకు వడ్డీలో పావు శాతం వరకు తగ్గించే గృహ రుణాలనూ కొన్ని బ్యాంకులు ప్రవేశపెట్టాయి. పావు శాతమే కదా అనిపిస్తుంది. పాతిక లక్షల అప్పు, ఇరవై ఏళ్లు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ అనుకోండి. పావు శాతం తగ్గితే నెలకు 394 రూపాయలు మిగులుతాయి. మొత్తం కాలానికి 94,500. వెయ్యి అడుగుల కప్పును చల్లబరచడానికి అయ్యే ఖర్చుకు ఇది ఎక్కువే. అంటే దారి ఉంది. అప్పు మంజూరు చేసేటప్పుడే, స్లాబు పడక ముందే మనిషి నిర్ణయాన్ని మార్చగల దారి ఇది. తాళం మాత్రం రేటింగు సర్టిఫికెట్ చేతిలో ఉంది. బ్యాంకు ఇంజనీరు ఇంటి విలువ కట్టడానికి ఎలాగూ సైటుకు వస్తాడు. కప్పు మీద బోర్డు, పడమటి గోడకు బ్లాకు, ఆరో వంతు తెరుపు, ఈ మూడూ చూసి టిక్కు పెట్టే అధికారం అతనికి ఇస్తే చిన్న ఇంటికి కన్సల్టెంటు అవసరమే ఉండదు.

ప్రభుత్వాలకు డబ్బు లేదనుకోవడానికి వీల్లేదు. ఏసీలు, ఎల్ఈడీ దీపాల తయారీకి కేంద్రం 2021 ఏప్రిల్‌లో 6,238 కోట్ల రూపాయల ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకం ఆమోదించింది. మన పక్కనే శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ ఫ్యాక్టరీలు వచ్చాయి. వందల ఇళ్లలో వాటివల్ల పొయ్యి వెలుగుతోంది, అది సంతోషించాల్సిన విషయమే. 2025 సెప్టెంబరులో ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ‘పీఎం సూర్యఘర్’ కింద ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పెట్టుకుంటే 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. వేడిని బయటికి తోసే యంత్రానికి సాయం ఉంది, ఆ యంత్రానికి కరెంటు తయారుచేసే పలకకు సాయం ఉంది. వేడిని లోపలికే రానివ్వని కప్పుకు, గోడకు సాయం లేదు. ఖర్చులో అన్నిటికన్నా చౌకైనది, మన్నికలో అన్నిటికన్నా ఎక్కువ కాలం ఉండేది అదే.

పేదల ఇళ్ల దగ్గర ఈ లోటు ఇంకా బాధ కలిగిస్తుంది. ప్రభుత్వ కాలనీల్లో కట్టే ఇల్లు 340 చదరపు అడుగులు. నాలుగు వైపులా ఎండ, మీద పలచని స్లాబు, చెట్టు ఎదగడానికి ఏళ్లు పడుతుంది. ఈ ఇళ్లలో ఎల్ఈడీ బల్బులు, ట్యూబ్‌లైట్లు, తక్కువ కరెంటు తినే ఫ్యాన్లు ఇచ్చే ఆలోచన కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్‌తో కలిసి రాష్ట్ర ప్రభుత్వం చేసింది, అది మంచి ఆలోచన. మామూలు ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల లోపు. రోజుకు పదిహేను గంటలు, ఏడాదిలో మూడువందల రోజులు తిరిగితే ఒక్కో ఫ్యాను మీద రెండువందల యూనిట్లు మిగులుతాయి. కానీ ఫ్యాను వేడి గాలినే తిప్పుతుంటే ఉపశమనం ఎంత?

ఇక్కడ తెలంగాణ అనుభవం పనికొస్తుంది. 2023 ఏప్రిల్‌లో ఆ రాష్ట్రం, తెల్లటి పూత లేదా టైల్స్‌తో ఎండను వెనక్కి కొట్టే ‘కూల్ రూఫ్’ల కోసం ఒక విధానం తెచ్చింది. 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి, అంతకు చిన్నవాటికి ఐచ్ఛికం, ప్రభుత్వం కట్టే పేదల ఇళ్లకు తప్పనిసరి. చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలు అవుతుందని అప్పట్లో చెప్పారు. ఆ లెక్కన మన 340 అడుగుల ఇంటికి పదివేల లోపే. సోలార్ ప్యానెళ్లకు ఇచ్చే సబ్సిడీలో ఎనిమిదో వంతు.

డబ్బు చేరవేసే కాలువ కూడా తవ్వే ఉంది. మన రాష్ట్రంలో ఇంటి బిల్లులు బేస్‌మెంట్ లెవెల్, రూఫ్ లెవెల్, స్లాబు దశల వారీగా ఫొటో తీసి, సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంట్ నమోదు చేశాకే పడతాయి. అందులో ‘చల్లటి కప్పు’ అని ఇంకో దశ చేర్చి పదివేలు పెట్టడానికి కొత్త శాఖ, కొత్త యాప్ అక్కర్లేదు. అదనపు సాయం ఇచ్చిన ఉదాహరణ కూడా ఉంది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం అసంపూర్తిగా ఉన్న ఇళ్లకు బీసీ, ఎస్సీలకు 50,000, ఎస్టీలకు 75,000 చొప్పున అదనంగా ప్రకటించింది. ఈ తీరంలో యానాది కుటుంబాలకు అది నిజమైన ఆసరా. అలాంటి సాయంలో పదివేలు కప్పు కోసమని కేటాయిస్తే అది ఆ ఇల్లున్నంత కాలం పనిచేస్తుంది. కేంద్రం ‘పీఎంఏవై అర్బన్ 2.0’లో కొత్త నిర్మాణ పద్ధతులు వాడే అందుబాటు ధరల ప్రాజెక్టులకు చదరపు మీటరుకు వెయ్యి రూపాయల గ్రాంటు పెట్టింది. ఆ గ్రాంటు పద్ధతి కొత్తదా అని చూస్తుంది. చెన్నై పెరుంబాక్కంలో 1,152 ఇళ్లు ముందే పోతపోసిన కాంక్రీటు భాగాలతో వేగంగా లేచాయి. వేగం మంచిదే, అయితే వేగం వేరు, చల్లదనం వేరు. గ్రాంటుకు యూ విలువ షరతు కూడా కలపాలి.

ఈ ప్రతిపాదనకు ఎదురయ్యే అభ్యంతరాల్లో రెండిటికి బలముంది. తెల్లటి పూత ఈ తేమలో పాచి పట్టి, దుమ్ము పేరుకుని రెండు మూడు వానాకాలాల్లో మసకబారుతుంది. కాబట్టి తీరప్రాంతంలో పూత కన్నా తెల్ల టైల్స్, వీలైతే కింద బోర్డు మేలు, ఖర్చు కొంత పెరిగినా సరే. రెండోది, ఫొటో తీసి డబ్బు తీసుకుని బోర్డు వేయనివాళ్లు ఉంటారన్నది. ఉంటారు. అందుకే కళ్లకు కనబడేవి, టేపుతో కొలవగలిగేవి మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. కిటికీ తెరుపు కొలవడానికి మేస్త్రీ టేపు చాలు.

అన్నీ కలిపి చూస్తే నా తీర్పు ఇది. పెద్ద భవనాలకు నిబంధన చాలు, ప్రోత్సాహకం అక్కర్లేదు. ప్రోత్సాహకమంతా డెబ్భై అయిదు అంకణాల లోపు ఇళ్లకు రావాలి, సర్టిఫికెట్ చూసి కాకుండా కప్పు, గోడ, కిటికీ చూసి రావాలి, స్లాబు పడకముందే మాట ఇవ్వాలి. సూళ్లూరుపేట మున్సిపాలిటీ లాంటి చిన్న పట్టణం ఒకదాన్ని తీసుకుని ప్లాను ఫీజు తగ్గింపును ఈ మూడు అంశాలకు ముడిపెట్టి ఒక్క ఏడాది నడిపి చూడమని పురపాలక శాఖను కోరుతున్నాను. ఇల్లు కట్టుకునేవాళ్లు అప్పటిదాకా ఆగనక్కర్లేదు. స్లాబుకు సెంట్రింగు కొట్టే రోజున, దాని మీద ఏం పరుస్తున్నారని మీ మేస్త్రీని అడగండి. కొనేవాళ్లు బిల్డరును అదే ప్రశ్న అడగండి. అద్దెకు దిగేవాళ్లు పోయిన మే నెల కరెంటు బిల్లు చూపించమనండి.